నీళ్ళవ్వ గొంతు

మా మేనత్త తిమ్మక్క నీళ్ళు చూస్తుంది. కంబదూరు చుట్టుపక్కల బోరు వేయించాలనుకున్న రైతు ముందు ఆమె గడపే తొక్కుతాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని అత్త చేనంతా నడుస్తుంది. నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుంది. ఇది నిజమేనా అని నన్నడక్కండి. ఆమె చూపిన పది చోట్లలో ఆరింట నీళ్ళు పడ్డాయి. మిగతా నాలుగు చోట్ల రైతులూ ఆమెను తిట్టలేదు. నీళ్ళు లేవనిపిస్తే "ఈడ లేవప్పా, పో, శెనక్కాయలేసుకో" అని మొహం మీదే చెప్పే మనిషి. ఉన్నాయని చెప్పిందంటే నమ్మే చెప్పిందని అందరికీ తెలుసు.

తాత నుంచి ఆ విద్య కొడుకులకు రాలేదు, కూతురికి వచ్చింది. ఆడది నీళ్ళు చూడటమేమిటని నవ్వినవాళ్ళే తర్వాత చెప్పులు విడిచి ఆమె వెనకాల నడిచారు.

నేను ఆమె అన్న కొడుకును. పేరు ఆంజి. అనంతపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాను. నాకున్న పిచ్చి ఒక్కటే, అంతరిక్షం సిరీస్‌లు. టెలిగ్రామ్‌లో మాకొక గుంపు ఉంది, పద్నాలుగు వందల మంది. ఏ నౌకకు ఏ కెప్టెన్ నప్పుతాడు, ఏ వేషం నుంచి ఎవరిని పీకేసి ఎవరిని పెట్టాలి, రోజంతా ఇదే మా పంచాయితీ. అందులో నా పేరు ఓరియన్. వేషాల సంగతిలో ఓరియన్ చెప్పిందే వేదం.

చేరిన కొత్తలో ఒకసారి వాయిస్ మెసేజ్ పెట్టాను. "రెండో భాగం యాడ దొరుకుతాదన్నా?" అని. గుంపు నడిపే భరత్‌కుమార్ హైదరాబాద్ మనిషి. "ఎవరండీ ఈ అన్న, వస్తూ వస్తూ బాంబులేమైనా తెచ్చాడా?" అని రాశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా బతుకు. ఆ తర్వాత అక్కడ మా ఊరి పేరెత్తలేదు. కొట్లో ఎవరూ లేనప్పుడు "ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ దొరుకుతుంది" అని పలికి పలికి నేర్చుకున్నాను.

'ఎండు గ్రహం' అనే తెలుగు సిరీస్ అంటే మా గుంపుకు ప్రాణం. నీళ్ళు లేని గ్రహం మీద దిగిన మనుషుల కథ అది. రెండో సీజన్లో నీళ్ళవ్వ అనే ముసలామె వస్తుందని, ఆ గ్రహంలో నీటి జాడ పట్టగలిగేది ఆమె ఒక్కతేనని ముందే బయటికొచ్చింది. ఆ వేషం ఎవరికిస్తారని ఆరు నెలలు జుట్లు పట్టుకున్నాం. నేనైతే ఒకప్పటి హీరోయిన్లు పదకొండు మంది పేర్లు రాసి మార్కులు కూడా వేశాను.

ఇంతలో షూటింగ్ వాళ్ళు ఎండిన గ్రహం కోసం ఊరూరూ తిరిగి మా కంబదూరు బీళ్ళకు వచ్చారు. పెద్దగా సెట్లు వేయాల్సిన పని పడలేదు. ఆ రోజు అత్త లక్ష్మన్న చేలో టెంకాయ పట్టుకుని నడుస్తోంది. డైరెక్టర్ కారు ఆపించి, చూసి చూసి, చివరికి అడిగాడట, "నటిస్తావా అమ్మా?" అని.

"నటించేది నాకు రాదు సామీ. నీళ్ళు చూసేది వస్తాది."

"అదే కావాలి" అన్నాడట.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. "ఆంజీ, నన్ను గ్రహంలోకి ఏసుకున్నార్రా! నేను మాట్లాడేది ఉన్నదున్నట్లే బాగుండాదంట. మీ వాళ్ళందరికీ చెప్పు."

"చెప్తాలే అత్తా" అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

ట్రైలర్ వచ్చింది. అందులో అత్త కనిపించేది ఐదు సెకన్లు. ఎర్రటి నేల మీద నిలబడి, అరచేతిలో ఏదో గ్రహం కాయ పట్టుకుని, "ఈడ నీళ్ళుండాయి, తవ్వండప్పా" అంటుంది. ఎంత బాగా అన్నదో! నాకు ఒళ్ళు జలదరించింది. గుంపు చూస్తే అక్కడ ఒకటే నవ్వులు. ఈమెనెవరు తెచ్చారు, ఈ మొహమేమిటి, ఈ యాసేమిటి. ఎవరో ఈమెది కంబదూరట అని కూడా రాశారు. భరత్‌కుమార్ అడిగాడు, "ఓరియన్ గారూ, మీరు మాట్లాడరేం?"

గుట్టు బయటపడుతుందేమోనని భయం. అందరికంటే పెద్ద రాయి నేనే విసిరితే నన్నెవరూ అనుమానించరనుకున్నాను.

"ఈవిడ గ్రహం మీద రాకెట్లో దిగిందా, సుమోలో దిగిందా?" అని రాశాను.

ఆరు వందల మంది నవ్వారు. ఆ నవ్వులు చూసి నాకు ఇంకా ఊపొచ్చింది. మూడు వందల ఏళ్ళ తర్వాతి కథలో మనుషులకు యాస ఉండదని, ఈ గొంతు కథను చెడగొడుతుందని, పెద్ద వ్యాసం రాసేశాను. వేరే గ్రహంలో విజయవాడ తెలుగు ఉండొచ్చట, కంబదూరు తెలుగు ఉండకూడదట! ఆ రాత రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు. రాసి ఊరుకున్నానా, గొంతు మార్చాలా వద్దా అని ఓటింగు కూడా పెట్టాను. సిరీస్ తీసేవాళ్ళు మా గుంపును గమనిస్తుంటారని తెలిసే పెట్టాను. మార్చాలని వెయ్యికి పైగా ఓట్లు పడ్డాయి. అందులో నాదొకటి.

సిరీస్ వచ్చిన ఆదివారం అత్త నన్ను పిలిపించింది. మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. లక్ష్మన్న కుటుంబంతో వచ్చాడు. అత్త కొత్త చీర కట్టుకుని, పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, టీవీకి ఎదురుగా చాప మీద కూర్చుంది. మూడో భాగంలో నీళ్ళవ్వ వచ్చింది. పిల్లలు ఈలలేశారు. అత్త నోరు తెరిచింది.

"ఇక్కడ నీళ్ళున్నాయి, తవ్వండి" అంది ఎవరో, తియ్యగా, పాఠం అప్పజెప్పినట్టు.

ఈలలు ఆగిపోయాయి. లక్ష్మన్న అత్త వైపు తిరిగాడు. "ఎవురిదక్కా ఆ గొంతు?"

నీళ్ళవ్వ ఇంకా నాలుగైదు మాటలు మాట్లాడింది. అత్త పెదాలు కదిలిస్తూ టీవీతో పాటు తన మాటలు తాను చెప్పుకుంది. భాగం అయిపోయాక జనం ఒక్కొక్కరే లేచారు. బాగా చేసినావక్కా అన్నారుగానీ, గొంతు మాట ఎవరూ ఎత్తలేదు.

అందరూ పోయాక నాకు విస్తరి వేసింది.

"ఆ డైరెక్టరు ఫోన్ చేసినాడు మొన్న. చూసేటోళ్ళు అడుగుతాండారమ్మా, గొంతు కొంచెం సరిచేస్తామన్నాడు. గట్టిగా ఇనపడేట్లు చేస్తారేమో అనుకుంటి." ఓళిగ వడ్డించింది. "నా గొంతులో ఏం తప్పుండాది రా?"

"ఏం లేదత్తా."

"ఆ చూసేటోళ్ళ గుంపులో నువ్వుండావు కదా. ఒక్కడన్నా నా పక్క మాట్లాడినాడా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పేస్తే ఆమె చేతిలో రెండు దెబ్బలు తినేవాణ్ణి, అంతకంటే ఏమీ అయ్యేది కాదు. అంత మాత్రం మగతనం కూడా నాలో లేకపోయింది.

"ఒకడు మాట్లాడినాడు" అన్నాను.

"ఏ ఊరోడు?"

"మన పక్కోడే."

అత్త మొహం తేటపడింది. "అట్ల చెప్పు! మనోడు కాకపోతే ఇంకెవురు మాట్లాడతారు. వాన్నొకసారి పిల్చుకొని రా ఆంజీ. నా చేత్తో అన్నం పెట్టాల."

ఇంకో ఓళిగ తీసి నా విస్తరిలో వేసి, దాని మీద నెయ్యి పోసింది. నేను తల వంచుకుని తిన్నాను.