అక్క కోసం కుట్టించిన సీటు

మొన్న ఆదివారం మా మనవరాలు వాకిట్లో మోటారు సైకిలు స్టాండు వేసి నిలబెట్టి, "అవ్వా, ఒక్కసారి వెనక కూర్చో" అంది. వచ్చే నెల స్నేహితురాల్ని వెనక ఎక్కించుకుని రామేశ్వరం దాకా పోయి వస్తుందట. దానికి పదిరోజులుగా సన్నాహాలు జరుగుతున్నాయి. నడుముకు పట్టీ వచ్చింది, మోకాళ్ళకు డిప్పలు వచ్చాయి, వీపున తగిలించుకుని గొట్టంతో పీల్చుకునే నీళ్ళ సంచి వచ్చింది. రామేశ్వరానికి పోతున్నారో చంద్రమండలానికి పోతున్నారో నాకు అర్థం కాలేదు. చివరికి సీటు మీద వేసుకునే మెత్త ఒకటి వచ్చింది. లోపల ఏదో జిగురు నింపి ఉంటుందట, ఎంత దూరం పోయినా నొప్పి తెలియదట. ఎనభై దాటిన నన్ను చెయ్యిపట్టి దాని మీద పక్కవాటుగా కూర్చోబెట్టి, "ఎట్టుండాది?" అని అడిగింది. బాగుందే అన్నాను. "అయితే సరే. నువ్వూ నా వెనక ఎక్కే పిల్లా ఒకటే సైజులే" అంది. నిప్పు తొక్కినట్టు దిగిపోయాను. మోకాలు పట్టిందేమోనని పాపం పిల్ల కంగారు పడింది. మోకాలు కాదు. ఆ మాట నేను ఇంతకు ముందొకసారి విన్నాను.

అరవైల మొదట్లో మా అక్కను అల్లూరులో ఇచ్చి ఉన్నారు. బావ సముద్రం వైపు ఉప్పు కొఠార్లలో మేనేజరు. ఆయనకొక మోటారు సైకిలు ఉండేది. పటాలం వాళ్ళు వాడి వదిలేసినది, పాతసామాన్ల వేలంలో కొన్నాడు. దాని రంగు ఫలానా అని చెప్పడానికి లేదు, పచ్చగా ఉన్నచోట పచ్చగా, తుప్పు పట్టినచోట తుప్పురంగుగా ఉండేది. వీధి చివర అది మలుపు తిరిగితే ఇంట్లో ఇత్తడి గిన్నెలు కదిలేవి. ముందు ఆయనకొక సీటు, వెనక మడ్‌గార్డు మీద రెండు స్ప్రింగుల మీద నిలబెట్టిన మరో చిన్న సీటు. పెళ్ళయిన మొదటి వారంలోనే మా అక్క ఆ వెనక సీటెక్కి నెల్లూరికి సినిమాకు పోయింది. దారి పొడుగునా కోతలు కోసేవాళ్ళు కొడవళ్ళు ఆపి చూశారని, తనకు మహారాణిలా అనిపించిందని చెప్పింది. మా అమ్మ మాత్రం ఆ సంగతి విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

నాకు పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా అక్కకు జబ్బు చేసింది. కడుపులో గడ్డ. ఇంటిపని చూసుకోవడానికి నన్ను అల్లూరు పంపారు. నెల్లూరు డాక్టరు నాలుగు నెలలు మందులిచ్చి, ఇక తన చేతిలో లేదని, మద్రాసు పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టించాలని రాసిచ్చాడు. రేడియేషన్‌ను ఆ రోజుల్లో అందరూ కరెంటు పెట్టించడమనే అనేవాళ్ళు. పౌర్ణమి దాటిన సోమవారం వచ్చి చేరమని ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ సోమవారం తప్పిపోతే మళ్ళీ మంచం ఎప్పుడు దొరికేదీ తెలియదు. కానీ అక్కను మద్రాసు చేర్చడం ఎలా? బస్సెక్కితే కోవూరు రాకముందే వాంతులు. రైలు బొగ్గుపొగకు ఒకసారి స్పృహ తప్పింది. అద్దె కారులో తలుపులు మూసుకుని కూర్చుంటే పెట్రోలు వాసనకు ఇంకా అన్యాయం. గాలి తగిలితే మాత్రం ప్రాణం కుదుటపడేది. "నన్ను బండి మీద తీసకపో. నొప్పొస్తే ఆడనే ఆపుకోవచ్చు గదా" అని తనే అడిగింది. పెద్దవాళ్ళు వద్దని మొత్తుకున్నారు. బావ ఎవరి మాటా వినలేదు. నెల్లూరు దాటాక నూరు మైళ్ళకు పైన దారి. అక్కకు నొప్పి తెలియకుండా ఆ దారి దాటించడమే తన జన్మలో చేయవలసిన పని అన్నట్టు సన్నాహాలు మొదలుపెట్టాడు.

ఆ మనిషి అంత శ్రద్ధగా మరో పని చేయడం నేను తరవాత కూడా చూడలేదు. పక్కవాటుగా కూర్చునే ఆడమనిషికి కాళ్ళు వేలాడితే నడుము లాగుతుందని, వడ్రంగిని పిలిచి కాళ్ళు ఆనించుకోవడానికి చెక్క బిగించాడు. చీరకుచ్చిళ్ళు చక్రంలో పడకుండా వల అల్లించాడు. వీపు ఆనడానికి చిన్న దిమ్మె, పట్టుకోవడానికి గుడ్డ చుట్టిన ఇనుప పిడి అమర్చాడు. వెనక టైరులో గాలి కొంచెం తగ్గించి చూశాడు, మళ్ళీ కొట్టించాడు. చెవుల్లోకి దూది, కళ్ళకు అద్దాలు, ఫ్లాస్కులో మజ్జిగ, తడిగుడ్డ చుట్టిన నిమ్మకాయలు. దారిలో నీడ ఎక్కడెక్కడ ఉందో ఒకరోజు ఒంటరిగా దొరవారిసత్రం దాకా పోయి చూసి వచ్చాడు. ఎన్ని చేసినా సీటు మాత్రం సీటే. దానికి బూరుగు దూది దిండు కుట్టించి కట్టాడు. అక్క ఒళ్ళు కదిలే స్థితిలో లేదు కాబట్టి, ఎలా ఉందో చూడడానికి నన్ను ఎక్కించుకుని మనుబోలు దాకా తీసుకుపోయాడు. నెల్లూరు వంతెన దాటే వరకు అది పరుపే. ఆ తరవాత దూది అణిగి, మనుబోలులో దిగేసరికి నేను సరిగ్గా నిలబడలేకపోయాను.

బావ వెనక నేను కూర్చుని పోవడం ఊరికి మంచి కాలక్షేపమైంది. పెళ్ళాం మంచాన పడితే మరదల్ని బండెక్కించినాడని నీళ్ళ దగ్గర నాకు వినబడేట్టే అన్నారు. ఇంటికొచ్చి బిందె దించి ఏడిచాను, ఇంక ఎక్కనన్నాను. అక్క పడుకునే నవ్వింది. "వాళ్ళ నోళ్ళు నొప్పి పుట్టేదాకా అననీ మే. నువ్వు సరిగ్గా కూర్చో, అది చాలు" అంది.

నెల్లూరులో జట్కా బండ్ల మెత్తలూ గుర్రాల జీనులూ కుట్టే సాయిబు గారొకరున్నారని ఎవరో చెప్పారు. దూది దిండు చేత్తో నొక్కి చూసి ఆయన జాలిగా నవ్వాడు. "మెత్తంగా ఉంటే సుఖమనుకుంటారు సార్ అందరూ. మెత్తనిది పది మైళ్ళకి అణిగిపోతాది. మనిషి బరువుకి సరిగ్గా ఎదురు నిలబడాల, అదీ సుఖం. కూర్చునే మనిషిని తీసుకురండి" అన్నాడు. ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. బల్ల మీద పెన్న ఇసుక తడిపి జానెడు ఎత్తున పరిచేవాడు. దాని మీద గుడ్డ వేసి మనిషిని కూర్చోబెట్టి, తాపీగా ఒక తాంబూలం నమిలేవాడు. మనిషి లేచాక ఇసుకలో పడిన గుంటను వేళ్ళతో కొలిచి, లోతును బట్టి ఎక్కడ కొబ్బరిపీచు, ఎక్కడ గుర్రపు వెంట్రుక, స్ప్రింగు ఎంత బిగువు ఉండాలో తేల్చేవాడు. బావ అక్కతో ఈ సంగతి చెబితే, నెల్లూరు దాకా వచ్చే ఓపిక లేదంది. "చెల్లెల్ని తీసకపో. మేమిద్దరం ఒకటే గదా" అంది.

అది నిజమే. పెళ్ళికి ముందు మా ఇద్దరికీ ఒకే కొలత మీద రవికలు కుట్టించేవాళ్ళు. వెనకనుంచి చూస్తే మా నాయనే ఒకర్ని ఒకరనుకుని పిలిచేవాడు. మర్నాడు నేను పోయి తడి ఇసుక మీద కూర్చున్నాను. సాయిబు గారు మర్యాదగా అటు తిరిగి నిలబడితే, ఆయన భార్య నన్ను సర్ది కూర్చోబెట్టింది. గుంట కొలుస్తూ ఆయన మళ్ళీ ఒకసారి అడిగాడు. "ఈ సీటు ఈ అమ్మకే సరిపోతాది సార్. బరువు తక్కువ మనిషి కూర్చుంటే ఇదే సీటు చెక్కయిపోతాది. పొయ్యేది ఈమేనా?" బావ నవ్వి, "ఇద్దరూ ఒకటే లెండి" అన్నాడు. నేనూ తల ఊపాను. రోజూ అక్కకు ఒళ్ళు తుడిచేదాన్ని, జడ వేసేదాన్ని. రోజూ చూసే మనిషి కాబట్టి రోజుకు కొంత తరిగిపోవడం నా కంటికి ఆనలేదు. దుప్పటి కింద నాకు ఎప్పుడూ పోయినేటి అక్కే ఉండేది.

సీటు వచ్చాక బావ నన్ను మళ్ళీ మనుబోలు తీసుకుపోయాడు. ఇంకా ముందుకు, గూడూరు దాకా పోయి వచ్చాం. ఒట్టు, ఉయ్యాలబల్ల మీద కూర్చున్నట్టు ఉంది. బావ దారిలో మూడుసార్లు బండి ఆపి ఎట్టుందని అడిగాడు, మూడుసార్లూ బ్రహ్మాండంగా ఉందన్నాను. ఇంటికొచ్చి బావ అక్క మంచం దగ్గర గొంతుక్కూర్చుని, "నీకు నిద్ర పట్టేస్తాది చూడు" అని చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆర్నెల్లలో ఆయన అలా నవ్వడం అదే మొదలు.

ఆ ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరారు. బావ బండి తుడుస్తున్నాడు. నిలబడే శక్తి లేక అక్క వాకిట్లోనే ఇసుక మీద కూర్చుంది. మా వైపు వాకిళ్ళన్నీ ఇసుకే. పక్కన నేను కూర్చుని తల దువ్వాను. ఇద్దరం లేచాం. కళ్ళాపి చల్లిన తడి ఇంకా ఆరలేదు. ఇసుకలో నేను కూర్చున్నచోట చక్కటి గుంట పడి ఉంది. పక్కన అక్క కూర్చున్నచోట చీర జరీ అంచు గీత ఉంది, అంతే. చేత్తో అద్దినంత కూడా లోతు లేదు. చెక్కయిపోతాదన్న సాయిబు గారి మాట చెవిలో మోగింది. తలెత్తితే అక్క నన్నే చూస్తూ ఉంది. నా కళ్ళలోకి చూస్తూనే కాలితో తన ముద్రను చెరిపేసింది. తరవాత బావ వైపు తిరిగి, "ఇంక పోదామా, ఎండెక్కతాది" అంది.

నేను ఒక్క మాట అనవలసింది. ఆపమనవలసింది. ఆ దిండయినా మళ్ళీ కట్టమనవలసింది. మర్నాడు సోమవారమని ఊరుకున్నానో, ఆయన ముఖం చూసి ఊరుకున్నానో, అక్క చూపుకు భయపడి ఊరుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. బండి మలుపు తిరిగింది. ఇత్తడి గిన్నెలు కదిలాయి.

మిగతాది బావ చెప్పగా విన్నదే. మనుబోలులో ఆపితే హాయిగా ఉందంది. గూడూరులోనూ హాయిగానే ఉందంది. నాయుడుపేట దాటాక మాట్లాడలేదు, నిద్ర పట్టిందనుకుని ఈయన సంతోషపడ్డాడు. దొరవారిసత్రం దగ్గర దిగి, తుండుగుడ్డ పరిపించుకుని కాసేపు బోర్లా పడుకుంది. మళ్ళీ తనే లేచి ఎక్కింది. ఆసుపత్రిలో నర్సు, ఎక్కడైనా కిందపడిందా, ఒళ్ళంతా ఇట్లా కమిలిపోయిందేమిటని అడిగిందట. జబ్బువల్ల వచ్చిన మచ్చలేమో అనుకున్నానని బావ నాతో అన్నాడు. నేను అవునన్నాను. పద్దెనిమిదో రోజున అక్క పోయింది. గడ్డ అప్పటికే ముదిరిపోయిందని, ఎలా తీసుకొచ్చినా ఇంతేనని డాక్టర్లు చెప్పారు. ఆ మాట పట్టుకునే నేను ఇన్నాళ్ళూ బతికాను.

ఏడాది తిరిగాక నన్ను బావకే ఇచ్చారు. ఊరు ముందే అనుకున్నది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పదకొండేళ్ళు ఆ సీటు మీద కూర్చుని తిరిగాను. నా కొలతకు కుట్టిన సీటు, ఒక్కనాడూ నొప్పి పుట్టలేదు. నన్ను ఇసుక మీదకు పంపిన రోజున అక్కకు ఓపిక లేక పంపిందా, ముందు చూపుతో పంపిందా అని ఎక్కిన ప్రతిసారీ అనుకునేదాన్ని. ఆయన ముందునుంచి, "ఎట్టుండాది?" అని అడిగేవాడు. "హాయిగా ఉంది" అనేదాన్ని. ఆ జవాబు వింటే ఆయనకు అక్క గుర్తొచ్చేదని నాకు తెలుసు. "ఆమెకి నేను చేసింది ఏమీ లేదు, ఆ ఒక్కరోజన్నా నొప్పి తెలియకుండా తీసకపోయినాను" అని పోయే ముందు కూడా నాతో అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని అవునన్నాను.

మనవరాలికి ఇదంతా చెప్పలేదు. మెత్త విప్పి దాని చేతిలో పెట్టి, "ఎక్కే పిల్లని పిలిపించు, దాన్నే కూర్చోబెట్టి చూడు" అన్నాను. "అది పోయిన నెల బండెక్కి కూర్చుందిలే అవ్వా" అంది. "మళ్ళీ కూర్చోబెట్టు" అని కసురుకున్నాను. చాదస్తమనుకుని నవ్వింది. అనుకోనీ. కాలం మనుషుల్ని మన కళ్ళముందే తరిగేస్తుంది, మనం మాత్రం వాళ్ళను నిరుటి కొలతలతోనే చూసుకుంటూ ఉంటాం.