అచ్చిబాబు ఆయ్ అన్నాడు

వెంకటదుర్గ ఉద్యోగం ఏమిటో నిడదవోలులో వాళ్ల వీధికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. రాజమండ్రి స్కానింగ్ సెంటర్లో పని అని మాత్రం తెలుసు. అందుకని కొందరు నర్సనుకుంటారు, కొందరు మందులు అడుగుతారు. ఎదురింటి అప్పాయమ్మగారైతే ఓ ఆదివారం గుమ్మంలోనే కూర్చుని మోకాలు చూపించింది. తాను చూసేది మోకాళ్లను కాదనీ, మోకాళ్ల ఫొటోలు దాచే సర్వర్లననీ దుర్గ ఓపిగ్గా వివరించింది. అప్పాయమ్మగారు అంతా శ్రద్ధగా విని, "అయితే ఫొటో చూసే చెప్పమ్మా, తొందరేం లేదు" అంది.

దుర్గ యజమాని శ్రీనివాసరాజుగారిది భీమవరం. ఆయన అసలు వృత్తి రొయ్యల చెరువులు. రాజమండ్రిలో ఒకటి, భీమవరంలో ఒకటి స్కానింగ్ సెంటర్లు పెట్టడాన్ని ఆయన పొడినేల మీద సాగుగా భావిస్తారు. రెండుచోట్లా తీసిన స్కాన్లన్నీ భీమవరంలోని ఒకే లైనక్స్ సర్వర్లోకి చేరతాయి. దుర్గ రాజమండ్రిలో కూర్చుని, కీబోర్డుతోనూ ఫోనుతోనూ ఆ సర్వర్‌ను పరిపాలిస్తుంది. అక్కడ కరెంటు, ఏసీ, జనరేటరు చూసుకునే అచ్చిబాబు ఆమెకు సామంతరాజు.

ఆ సర్వర్లోని డిస్కులకు ఎన్‌క్రిప్షన్ అనే తాళం పెట్టించింది దుర్గే. డిస్కు మీద రాసేదంతా ఆనవాలు పట్టడానికి వీల్లేకుండా మారిపోయి పడుతుంది. రహస్యపదం ఇస్తేనే మళ్లీ మనిషికి అర్థమయ్యే రూపంలోకి వస్తుంది. డిస్కు ఎత్తుకుపోయినవాడికి దక్కేది ఇనుము.

దానికోసం ఆమె అంత పట్టుబట్టడానికి కారణం వాళ్ల పిన్ని వీరవేణి. కొన్నాళ్ల కిందట వేరే ఊళ్లో ఏదో సెంటరువాళ్లు పాత కంప్యూటర్లను పాత సామాన్లవాడికి వేసేశారు. వాటిలో ఓ డిస్కు తిరిగి తిరిగి సెల్‌ఫోన్ల కొట్టుకు చేరింది. ఆ డిస్కులో వీరవేణి రొమ్ములో గడ్డ తాలూకు రిపోర్టు ఉంది. ఆవిడ ఈ సంగతి భర్తకు ఎలా చెప్పాలా అని మథనపడుతూండగానే పాలవాడు వచ్చి పరామర్శించి వెళ్లాడు. తర్వాత ఆపరేషన్ అయింది, జబ్బు తగ్గింది. పరామర్శలు తగ్గలేదు. ఏటేటా చేయించుకోవలసిన పరీక్షకు ఇక ఏ మిషనులోకీ వెళ్లేది లేదని వీరవేణి భీష్మించుకుంది. "మా దగ్గర తాళం ఉంటుంది పిన్నీ. డాక్టరుగారు తప్ప ఎవరూ చూడరు, పూచీ నాది" అని దుర్గ మాటిచ్చాకే, వచ్చే శుక్రవారం భీమవరం రావడానికి ఒప్పుకుంది.

సరిగ్గా అప్పుడే కొత్త సర్వర్ మొరాయించింది.

పాతది ముసలిదైందని కొత్తది తెప్పించారు. చూడటానికి దివ్యంగా ఉంది. నడక మాత్రం పెళ్లి ఊరేగింపు. డాక్టర్ అశోక్‌గారు ఒక స్కాను మీద నొక్కితే, బొమ్మలు ఒక్కొక్కటే సిగ్గుపడుతూ వచ్చేవి. ఆలోగా ఆయన ఓ కాఫీ తాగడం అలవాటు చేసుకున్నారు. రోజంతా స్కాన్లు చూసే మనిషి స్కానుకో కాఫీ తాగితే ఏమవుతుందో అదే అయింది. కళ్లు మూతపడటం లేదనీ, గుండె దడగా ఉందనీ, తన గుండెకే ఓ స్కాను తీయాల్సి రావచ్చుననీ ఆయన రాజుగారికి ఫిర్యాదు చేశారు.

రాజుగారు దుర్గకు ఫోన్ చేశారు.

"తాళం వల్లే నిదానమని సర్వర్ అమ్మినవాళ్లు అంటున్నారు కదమ్మా. అది తీసేస్తే పోదా?"

"తాళం తప్పు కాదనుకుంటానండి. ఇంకేదో ఉంది."

"ఆ ఇంకేదో ఏంటో శుక్రవారం పొద్దున్నకల్లా తేల్చు. తేలకపోతే తీసేద్దాం. మనుషులు బల్లల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు దుర్గా, డాక్టరుగారు నిద్రపోవట్లేదు."

ఆయన మాటలో అన్యాయం లేదు. దుర్గను బాధించింది అదే.

నిజానికి ఆమెకు మొదటిరోజే ఒక అనుమానం కలిగింది. ఇప్పటి ప్రాసెసర్లలో ఈ తాళం పని కోసమే ప్రత్యేకంగా ఓ భాగం ఉంటుంది. దాని పేరు ఏఈఎస్. అది పనిచేస్తే తాళం ఉన్నట్టే తెలియదు. పనిచేయకపోతే అదే లెక్కంతా ప్రాసెసర్ మామూలుగా, వేళ్లు మడిచి లెక్కపెట్టినట్టు చేసుకోవాలి. కొత్త సర్వర్ వచ్చిన అట్టపెట్టె మీద ఏఈఎస్ ఉన్నట్టు రాసి ఉంది. అయితే బయోస్ అనే సెట్టింగుల తెరలో దాన్ని ఆపేసే వీలు కూడా ఉంది. ఆ తెర యంత్రం లేచేటప్పుడు మాత్రమే, ఎదురుగా ఉన్నవాళ్లకు మాత్రమే దర్శనమిస్తుంది. అందుకని, జనరేటరు సర్వీసింగ్ కోసం సర్వర్ ఆపిన ఆదివారం దుర్గ అచ్చిబాబుకు ఫోన్ చేసింది. ఏ మీట నొక్కాలో, ఏ పేజీలోకి వెళ్లాలో వరసగా చెప్పింది. ప్రతి మెట్టుకూ అచ్చిబాబు ఆయ్ అన్నాడు. చివర్లో ఏఈఎస్ ఎదురుగా ఎనేబుల్డ్ అని ఉండాలి, ఉందా అని అడిగింది. అచ్చిబాబు ఆయ్ అన్నాడు.

దాంతో ఆ అనుమానాన్ని ఆమె గౌరవంగా సాగనంపి, మిగతా అనుమానితుల మీద పడింది. డిస్కుల్ని పరీక్షించింది, నిర్దోషులు. కేబుళ్లు మార్పించింది, పాతవి అవమానపడటం తప్ప ఒరిగింది లేదు. నెట్‌వర్క్‌ను తిట్టింది, లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌ను కొత్తదానికి మార్చింది. స్కాన్లు మాత్రం అలాగే సిగ్గుపడుతూ వచ్చాయి.

గురువారం మధ్యాహ్నం, మరింకేమీ తోచక, డిస్కుతోనూ నెట్‌వర్క్‌తోనూ పనిలేకుండా ఉత్త మెమరీలోనే తాళం వేసి తీసే వేగాన్ని కొలిచింది. అదీ నత్తనడకే. అంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు ప్రాసెసర్‌నే అడిగింది, నీకు ఏమేం వచ్చు నాయనా అని. లైనక్స్‌లో అలా అడగడానికి ఒక్క లైను చాలు. ప్రాసెసర్ తన విద్యలన్నీ ఏకరువు పెట్టింది. వాటిలో ఏఈఎస్ లేదు.

ఈ ప్రశ్న మొదటిరోజే వేయవలసింది. దుర్గ అమ్మినవాళ్లను అడిగింది, అట్టపెట్టెను అడిగింది, అచ్చిబాబును అడిగింది. అనుమానం ఎవరి మీదో, ఆ యంత్రాన్ని మాత్రం అడగలేదు. వెంటనే భీమవరానికి ఫోన్ చేసింది.

"అచ్చిబాబుగారూ, ఆ ఆదివారం నేను చెప్పిన తెర చూశారు కదండీ?"

"ఆయ్."

"అందులో ఏఈఎస్ అనే చోట ఏముందండి?"

"ఆయ్."

"ఇప్పుడు మీరెక్కడున్నారు?"

"జనరేటర్ దగ్గరండి."

"ఆ ఆదివారం నేను ఫోన్ చేసినప్పుడో?"

"జనరేటర్ దగ్గరేనండి. సర్వీసింగ్ కదండీ మరి."

"మరి తెర మీద ఎనేబుల్డ్ అని ఉందన్నారుగా?"

అచ్చిబాబు నొచ్చుకున్నాడు. "నేనెప్పుడన్నానండి, మేడంగారూ? మీరు చెప్తున్నారు, నేను ఆయ్ అంటున్నాను. మధ్యలో లేదండి కాదండి అంటే బాగుంటదా?"

దుర్గ ఫోన్ పెట్టేసి నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. గోదావరి నీళ్లు తాగి పెరిగిన మనిషికి ఇది తెలియాలి. ఆయ్ అంటే అవునని కాదు. వింటున్నానండి, చెప్పండి, మీరంటే గౌరవమండి అని. ఆమె కూడా వాళ్ల నాన్నగారి ఉపన్యాసాలకు ఇరవయ్యేళ్లుగా ఆయ్ అంటూనే ఉంది, ఒక్కటీ పాటించకుండా.

శుక్రవారం ఉదయం దుర్గ, వీరవేణి నిడదవోలులో రైలెక్కారు. వీరవేణి కొంగు నుదుటి దాకా లాక్కుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అత్తిలిలో తెలిసినావిడ ఎక్కితే నిద్ర నటించింది. భీమవరం దగ్గరపడుతుండగా మాత్రం కళ్లు తెరవకుండానే అడిగింది.

"తాళం ఉందిగా దుర్గా?"

"ఉంది పిన్నీ" అంది దుర్గ. ఇంకో గంట తర్వాత కూడా ఉంటుందో లేదో ఆమెకే తెలియదు.

పిన్నిని స్కాను గదిలో దిగబెట్టి, సర్వర్ గదికి వెళ్లేసరికి రాజుగారు అక్కడే ఉన్నారు. ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలండి, సంగతి తేలిపోతుంది అంది దుర్గ. రాజుగారు గడియారం చూసుకుని మొహం చిన్నది చేసుకున్నారు. రాహుకాలం మొదలైంది. ఇప్పుడు ఏదీ మొదలుపెట్టకూడదు. పన్నెండు దాటాక చూద్దామన్నారు. పన్నెండు దాటేలోగా వీరవేణి స్కాను డాక్టరుగారి తెరకు రావాలి. అది మళ్లీ సిగ్గుపడుతూ వస్తే, తాళం తీసేయమనడానికి రాజుగారికి వేరే కారణం అక్కర్లేదు.

"ఇది మొదలుపెట్టడం కాదండి. మొదలు మీరు ముహూర్తానికే పెట్టేశారు" అంది దుర్గ. "ఇప్పుడు కాస్త కునుకు తీయించి లేపడం. నిద్ర లేవడానికి రాహుకాలం ఏంటండి?"

రాజుగారు ఆలోచించారు. ఆయన స్వయంగా చాలా శుక్రవారాలు రాహుకాలంలోనే కునుకు తీసి లేస్తారు. "లేపమ్మా" అన్నారు.

యంత్రం లేస్తుండగా దుర్గ మీట నొక్కింది. నీలం తెర వచ్చింది. పేజీ తిప్పింది. ఏఈఎస్. దాని ఎదురుగా, ఏమాత్రం సిగ్గు లేకుండా, డిజేబుల్డ్ అని ఉంది.

"దీన్ని ఎవరు ఆపారు?" అని ఆమె గాలిని అడిగినట్టు అడిగింది.

"ఆపలేదండి" అన్నాడు అచ్చిబాబు, తలుపు దగ్గర నుంచి. "టైం మార్చానండి, అంతే."

అప్పుడు బయటపడింది చరిత్ర. కొత్త సర్వర్‌కు రాజుగారు మంచి ముహూర్తం పెట్టించారు. దీపం వెలిగించవలసింది వాళ్ల అక్కగారు సూర్యకాంతమ్మగారు. ఆవిడ బయల్దేరబోతుంటే ఇంట్లో ఎవరో తుమ్మారు. ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, ఆ తుమ్ము ప్రభావం పూర్తిగా చల్లారాక మళ్లీ బయల్దేరారు. వచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది. రాజుగారి మొహం వాడిపోయింది. చూడలేక అచ్చిబాబు ఓ ఉపాయం ఆలోచించాడు. సర్వర్ గడియారం ముహూర్తంలో ఉంటే సర్వర్ ముహూర్తంలో మొదలైనట్టే కదా. ఈ తెరలోకి వచ్చి గడియారాన్ని వెనక్కి తిప్పాడు. ఎలా ముగించాలో తెలియక ఏదో మీట నొక్కితే, తెర మీద ఇంగ్లీషులో ఓ ప్రశ్న వచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి సెట్టింగులన్నీ తిరిగి పెట్టేయమంటారా, అవునా, కాదా?

"మీరేమన్నారు?" అంది దుర్గ.

"అవునన్నానండి" అన్నాడు అచ్చిబాబు. "అంత మర్యాదగా అడిగితే కాదంటామా?"

ఆ బోర్డు తయారుచేసినవాళ్లు ఎందుకోగానీ ఏఈఎస్‌ను ఆపేసే పంపుతారు. అమ్మినవాళ్లు ఆన్ చేసి ఇచ్చినదాన్ని అచ్చిబాబు అవును మళ్లీ ఆపేసింది. గడియారం సంగతి ఎవరికీ తెలియలేదు. ఇంటర్నెట్ తగలగానే సర్వర్ తన టైం తనే దిద్దుకుంది. ఆ తుమ్ము మాత్రం అప్పటినుంచీ ప్రతి స్కాను మీదా కూర్చుని ఉంది.

రాజుగారికి ఇంకా అర్థం కాలేదు. దుర్గ ఆయన భాషలో, రొయ్యల చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రాలతో పోల్చి చెప్పింది. "చెరువులో ఏరేటర్లున్నాయండి. మంచివే. స్విచ్ ఆపేసి ఉంది. ఇన్నాళ్లూ మీ కాపలామనిషి గెడకర్రతో నీళ్లు కొడుతున్నాడు."

రాజుగారు నిలబడ్డచోటే ఓ అడుగు వెనక్కి వేశారు. "వెయ్యమ్మా వెయ్యి, ముందు స్విచ్ వెయ్యి" అన్నారు. ఆ గొంతులో చెరువు నిండా రొయ్యల్ని పోగొట్టుకోబోయిన మనిషి కంగారు ఉంది.

దుర్గ స్విచ్ వేసింది. రహస్యపదం కొట్టింది. సర్వర్ లేచింది. ప్రాసెసర్‌ను మళ్లీ అడిగితే ఈసారి విద్యల పట్టికలో ఏఈఎస్ కూడా చెప్పింది, మొదటినుంచీ ఉన్నట్టే. తాళం వేసి తీసే వేగం కొలిచింది. వచ్చిన అంకె నమ్మలేక మళ్లీ కొలిచింది. మూడోసారి, కేవలం సంతోషం కోసం.

పక్కగదిలో డాక్టర్ అశోక్‌గారు వీరవేణి స్కాను మీద నొక్కి, అలవాటు ప్రకారం కాఫీ గ్లాసు ఎత్తారు. గ్లాసు పెదవి దాకా వెళ్లకముందే బొమ్మలన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆయన కాసేపు గ్లాసు వైపూ తెర వైపూ చూసి, గ్లాసు పక్కన పెట్టేశారు. తర్వాత తీరిగ్గా, ఒక్కో బొమ్మా చూసుకుంటూ వెళ్లారు. ఎక్కడా ఏమీ లేదు. శుభ్రంగా ఉంది.

దుర్గ బయటికి వస్తుంటే రాజుగారు అడిగారు. "అయితే తాళం తీయక్కర్లేదంటావ్."

"ఆయ్" అంది దుర్గ.

ఆయన కళ్లు చిట్లించారు. "ఏ ఆయ్?"

"తీయక్కర్లేదండి" అంది దుర్గ, ప్రతి అక్షరమూ విడివిడిగా. అచ్చిబాబు చేతికి ఆ తెర మళ్లీ అందకుండా బయోస్‌కు కూడా ఓ రహస్యపదం పెట్టానని చెప్పింది. తలుపు దగ్గర అచ్చిబాబు దానికీ ఆయ్ అన్నాడు.

వీరవేణి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. డాక్టరుగారు లోపలికి పిలిచి చెప్పేశారట. కళ్లు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుంది.

"నాది ఇంకెవరన్నా చూశారా?"

"డాక్టరుగారొక్కరే పిన్నీ."

"పాలవాడికి తెలీదుగా?"

"తెలియదు."

వీరవేణి గట్టిగా ఊపిరి వదిలింది. సాయంత్రం రైల్లో ఆవిడ తల మీద కొంగు లేదు. బండి కదిలీ కదలగానే ఎదురుగా కూర్చున్న, ముక్కూ మొహమూ తెలియని ఆవిడ వైపు వంగింది. "ఈవేళ స్కానింగ్ చేయించుకున్నానండి, భీమవరంలో" అని మొదలుపెట్టింది. "ఏమీ లేదన్నారు. మొత్తం క్లీనంట." అత్తిలి వచ్చేసరికి ఆ పెట్టెలో సగంమందికి తెలిసింది. తణుకు దాటాక ఫోన్ తీసి, వీధిలో ఒక్కొక్కరినే వరసగా పిలవడం మొదలుపెట్టింది. మొదటి ఫోన్ పాలవాడికి.

దుర్గ పక్కన కూర్చుని అంతా వింటోంది. మధ్యమధ్య పిన్ని "కదే దుర్గా?" అన్నప్పుడల్లా, కిటికీలోంచి వరిచేలను చూస్తూ, ఆయ్ అంటోంది.