నలభై ఎనిమిది రోజుల మాట

తమిళనాడు వైపు ఇండూరులో ఉండే ఈశ్వరప్ప ఎడమ చేతికి రెండే వేళ్లు. మిగతా మూడూ రాళ్ల క్వారీలో మందు పేలినప్పుడు పోయాయి. ఆ చేతిలో ఉలి నిలవదు కాబట్టి రాతి పనికి పిలవడం మానేశారు. ఇంకొకడైతే గోడకానుకుని బీడీలు కాలుస్తూ నుదుటి రాతను తిట్టుకుంటూ కూర్చునేవాడు. ఈశ్వరప్ప కుక్కలు పెంచాడు.

నవ్వకండి. ఊరు కూడా ముందు అలాగే నవ్వింది. క్వారీ మేస్త్రీ ఊరు విడిచి పోతూ తన తెల్లటి రాజపాళయం జాతి ఆడకుక్కను ఈశ్వరప్పకు అప్పగించి పోయాడు. "మూడు వేళ్లకు ఒక కుక్క. బేరం బాగానే ఉండాది," అని భార్య పొన్నుత్తాయి ఎత్తిపొడిచింది. కానీ దానికి తెల్లి అని పేరు పెట్టిందీ ఆవిడే, తన సంగటిలో మొదటి ముద్ద దానికి వేసిందీ ఆవిడే.

తెల్లి ఈనినప్పుడల్లా పిల్లల కోసం పెన్నాగరం నుంచీ, పాలకోడు నుంచీ మనుషులు వచ్చేవాళ్లు. పిల్లకు ఒక మూట రాగులు, అంతే ధర. జనాన్ని లాక్కొచ్చింది మాత్రం ఈశ్వరప్ప మాట. పిల్లను ఇచ్చేటప్పుడు ఆ రెండు వేళ్ల చేతిని దాని తల మీద ఉంచి అనేవాడు: "ఒక మండలం నా పూచీ. నలభై ఎనిమిది దినాల లోపల ఇది సచ్చిపోతే ఇంకో పిల్లనిస్తాను. కారణం అడగను." కాగితం లేదు, సంతకం లేదు. ఆయనకు బయట మాట్లాడే తమిళం చదవడం రాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు రాయడమూ రాదు. నోటి మాటే దస్తావేజు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. పిల్లలకు తాను పేరు పెట్టడు. పేరు పెట్టే హక్కు తీసుకుపోయేవాళ్లది. "పేరు పెడితే మనదైపోతాది. మళ్లీ చేతులు రావు ఇయ్యడానికి," అనేవాడు.

పెన్నాగరం తంగవేల్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు. పిల్ల చచ్చిపోయిందని కళ్లు తుడుచుకుంటూ వచ్చి రెండోది పట్టుకుపోయాడు. నెల తిరిగాక సంతకు పోయిన ఈశ్వరప్పకు తంగవేల్ టీ కొట్టు ముందు రెండు పిల్లలూ తోకలు ఆడిస్తూ కనబడ్డాయి! చచ్చింది లేచి వచ్చిందా అని పొన్నుత్తాయి వారం రోజులు దెప్పింది. ఆ రోజు నుంచి ఈశ్వరప్ప మాటకు ఒక తోక తగిలించాడు. చచ్చిన పిల్లను తెచ్చి చూపించాలి. చూసి, తన చేతులతో తానే పూడ్చి, అప్పుడు ఇంకో పిల్లనిస్తాడు. ఇందులో అన్యాయమేముంది? ఎవరికీ ఏమీ తోచలేదు. ఆయనకూ తోచలేదు, పాపం.

ఎనభై రెండో సంవత్సరం తెల్లి ఆరు పిల్లలు పెట్టింది. అన్నిటికంటే చిన్నదానికి పాలు అందడం లేదు. పొన్నుత్తాయి చెల్లెలి కాన్పుకని మహేంద్రమంగళం పోతూ, అక్కడ మేకపాలు దొరుకుతాయని దాన్ని కూడా బుట్టలో వేసుకుపోయింది.

ఆ తరువాత ధర్మపురి చింతపండు మండి దేవరాజన్, భార్య కమలవేణి వచ్చారు. మండి వెనక గోదాముకు కాపలా కుక్క కావాలన్నాడు దేవరాజన్. కమలవేణి మాత్రం గోదాము సంగతి ఎత్తలేదు. మట్టి నేల మీదే చతికిలబడి కూర్చుంది. ఒక పిల్ల వచ్చి ఆమె ఒడిలోకి ఎక్కి, అక్కడే ముడుచుకుని నిద్రపోయింది.

"ఇది చాలు నాకు," అంది ఆమె. తరువాత గొంతు తగ్గించి, "ఈశ్వరప్పా, ఇది బతుకుతాదా?" అని అడిగింది.

ఆమె అలా ఎందుకు అడిగిందో ఈశ్వరప్పకు తెలుసు. పెళ్లయి పన్నెండేళ్లు. పుట్టిన ఇద్దరు బిడ్డలూ నెల నిండకుండానే పోయారు. ఆ చేతిలో ఏదీ నిలవదని అత్త నలుగురిలోనూ అంటుందట. ఏం నోరమ్మా అది!

"మండలం నా పూచీ, తల్లీ. నువ్వు ధైర్యంగా పో," అన్నాడు.

ఇరవై రెండో రోజు ఆమె ఒంటరిగా బస్సు దిగింది. కొంగు మడతలో ఏదో పొదివి పట్టుకుని వచ్చింది. అడగక ముందే ఈశ్వరప్పకు అర్థమైపోయింది. రెండు రోజులు కక్కుకుందట, రక్తంగా బయటికి పోయిందట, నీళ్లు కూడా ముట్టలేదట. ఆమె కళ్లలో నీళ్లు లేవు. అది చూసి ఇంకా భయం వేసింది ఈశ్వరప్పకు.

ఇచ్చిన మాట ప్రకారమే చేశాడు. పిల్లను ఆమె కొంగులో నుంచి ఎత్తుకుని, సీమతుమ్మ కంచె పక్కన గుంట తవ్వి పూడ్చాడు. తొట్టి నీళ్లలో చేతులు ముంచి తీసి తిన్నగా దొడ్లోకి పోయి ఇంకో పిల్లను పట్టి తెచ్చాడు.

"నా చేతితో తీసుకోను. నువ్వే నా కొంగులో వెయ్యి," అంది కమలవేణి.

వేశాడు. అదే కొంగులో.

ఆ తరువాత ఏడో రోజు ఇంటి దగ్గర మిగిలిన మూడు పిల్లల్లో ఒకటి పాలు వదిలేసింది. మరునాటికి మూడూ పడిపోయాయి. అదే కక్కు, అదే రక్తం. దొడ్డంతా ఒకటే కంపు. తెల్లి వాటిని నాకి నాకి లేపాలని చూసేది. ఈశ్వరప్ప ఒక పిల్లను తట్టలో పెట్టుకుని ధర్మపురిలో పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

కొత్త రోగమని చెప్పాడు డాక్టరు. మద్రాసులో ఒకటి రెండేళ్లుగా చూస్తున్నారట, టీకా ఇక్కడ దొరకదట. పెద్ద కుక్కలు చాలావరకు తట్టుకుంటాయి, పసి పిల్లలు తట్టుకోలేవు. తరువాత ఒక ప్రశ్న అడిగాడు. ఈ రోగంతో చచ్చిన కుక్క ఏదైనా ఈ మధ్య మీ ఇంటికి వచ్చిందా?

ఈశ్వరప్ప తట్టలోని పిల్లకేసి చూశాడు. వచ్చింది కదా, తాను రమ్మంటేనే వచ్చింది. చచ్చినదాన్ని తెచ్చి చూపమన్నది తనే. ఆ చేతులు సరిగా కడగక పిల్లల మధ్యకు పోయిందీ తనే.

ఇంకా ఉంది. చచ్చిన చోట మట్టిలో ఈ రోగం నెలల తరబడి ఉంటుందట. అక్కడికి వేరే పిల్లను తీసుకుపోతే దానికీ అంటుకుంటుందట. మీ ఇంటికి గానీ, ఆ ఇంటికి గానీ ఏడాది పాటు పిల్లను చేర్చవద్దు అన్నాడు డాక్టరు. అంటే కమలవేణి కొంగులో తాను రెండోసారి వేసింది చావునే. తట్టలోని పిల్ల ఇంటికి చేరేలోపే పోయింది. మిగతా రెండూ ఆ రెండు రోజుల్లోనే పోయాయి.

ఆ తరువాత నాలుగో రోజున టాక్సీ వచ్చి ఊరి చావడి ముందు ఆగింది. దేవరాజన్, ఆయన తల్లి, కమలవేణి దిగారు. రెండో పిల్ల గోనెసంచిలో ఉంది. ఊరి పెద్ద అంజనప్ప అరుగు మీద కూర్చున్నాడు. నలుగురూ పోగయ్యారు.

"రాగుల కోసం రాలేదప్పా నేను," అన్నాడు దేవరాజన్. "మాట కోసం వచ్చినాను. మండలం పూచీ అంటివి. రెండు పిల్లలు పోయినాయి. మహేంద్రమంగళంలో ఇంకోటి ఉండాదని మేము మొదట వచ్చినప్పుడు నువ్వే చెప్పినావు. అది ఇయ్యి. లేదంటే రోగం కుక్కలను అంటగడుతుండానని ఒప్పుకో."

నిజం మొత్తం చెప్పేద్దామనే చావడికి వచ్చాడు ఈశ్వరప్ప. మా తెల్లికి ఏ రోగమూ లేదు, రోగం పట్నం నుంచి మా ఇంటికి వచ్చింది, ఏడాది ఓపిక పట్టండి అనేవి మూడే మాటలు. అవి చెబితే పరువు నిలుస్తుంది. తెల్లి పిల్లలకు మళ్లీ గిరాకీ ఉంటుంది. నోరు తెరిచాడు కూడా.

ఈ లోపల దేవరాజన్ తల్లి అందుకుంది. "కుక్కదేమి తప్పు? ఈమె చేతిలో ఏది బతికింది గనక! కన్నవాటినే మట్టిలో పెట్టింది. పిల్లి పిల్లనిచ్చినా ఇంతే!"

కమలవేణి తన రెండు అరచేతులనూ చీర కుచ్చెళ్లలో దాచుకుంది.

ఈశ్వరప్ప అది చూశాడు. రోగం ఎట్లా వచ్చిందో చెబితే ఎవరు తెచ్చారని అడుగుతారు. కొంగులో పెట్టుకుని తెచ్చింది ఈమె. ఇక ఆ ముసలామె ఊరుకుంటుందా? చావును కొంగున కట్టుకుని ఊరూరా తిప్పిందని, బతికినన్నాళ్లూ అంటుంది. ఈ తల్లి నిజంగానే నమ్ముతుంది.

"ఆయమ్మ చేతిలో ఏ దోషమూ లేదు," అన్నాడు ఈశ్వరప్ప గట్టిగా. "రోగం మా తెల్లిది. దాని రక్తంలోనే ఉండాది. నా దొడ్లో కూడా మూడు సచ్చినాయి, పొయ్యి చూడండి. ఎవరి చేతికిచ్చినా పోయేవే అవి."

అందరూ భగ్గుమన్నారు. అంజనప్ప అరుగు దిగి వచ్చాడు. "ఏమిరా ఈశ్వరా, తెలిసే ఇచ్చినావా?"

"తెలిసే," అన్నాడు. ఒకసారి అబద్ధం మొదలుపెట్టాక ఇంక సగంలో ఎందుకు ఆపడం?

"అయితే ఆ మిగిలిందాన్నన్నా ఇయ్యి. దాని రాత ఎట్లుంటే అట్ల," అన్నాడు దేవరాజన్.

"ఇయ్యను."

"మాట ఇచ్చినావే, ఈశ్వరప్పా," అంది కమలవేణి. ఆ రోజు ఆమె నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. ఈశ్వరప్ప రాగుల మూటను తిరిగి తెచ్చి ముందు పెట్టాడు. దాన్ని దేవరాజన్ కాలితో పక్కకు నెట్టి టాక్సీ ఎక్కాడు.

ఆ సాయంత్రానికే ఊళ్లో ఆయన పేరు మారిపోయింది. మాట తప్పినోడు. పెన్నాగరం తంగవేల్ కూడా తన కొట్టులో కూర్చుని నీతులు చెప్పాడట!

పొన్నుత్తాయి కుక్కపిల్లను చెల్లెలి దగ్గరే వదిలి మహేంద్రమంగళం నుంచి వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకుంది. "మన నోట్లో మనమే మట్టి కొట్టుకుంటిమి కదయ్యా! బంగారం లాంటి తెల్లిని పట్టుకుని రోగిష్టిదని ఎట్ల చెప్పినావు? నీకు నోరెట్ల వచ్చింది?"

"రాలేదు. తెప్పించుకున్నాను," అన్నాడు ఈశ్వరప్ప. అప్పుడు ఏడ్చాడు. మూడు వేళ్లు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు.

తరువాత ఆయన చేసిన పని ఎవరికీ అర్థం కాలేదు. బ్లీచింగ్ పొడి నీళ్లతో ఒళ్లంతా రుద్దుకుని, కొత్త పంచె కట్టుకుని, మహేంద్రమంగళం పోయి ఆ చిన్న కుక్కపిల్లను తీసుకున్నాడు. ఇంటికి తేలేదు. గుట్ట మీద పాడుబడ్డ క్వారీ షెడ్డులో దానితో కాపురం పెట్టాడు. పొన్నుత్తాయి రోజూ వచ్చి దూరంగా బండ మీద సంగటి పెట్టి వెనక్కి పోయేది. ఇల్లు కనబడుతూనే ఉండేది, గడప మాత్రం తొక్కలేదు. మంచి రేటు కోసం పిల్లను దాచాడని ఊరు అనుకుంది. తెల్లి కింద నుంచి వాసన పట్టి మొరిగేది. ఆయన కిందికి చూసేవాడు కాదు.

పిల్ల బలిసింది. పాలరాయి రంగు, పొడుగు కాళ్లు. ఆయన తింటుంటే మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చునేది. దాన్ని "ఏయ్" అని పిలిచేవాడు. ఎన్నోసార్లు ఒక పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

డాక్టరు చెప్పిన ఏడాదికి ఇంకో నెల కలిపి, అప్పుడు గుట్ట దిగాడు. కుక్కను బస్సులో ఎక్కనివ్వలేదు. ధర్మపురి దాకా నడిచాడు.

చింతపండు మండి వెనక ఇంటి తలుపు కమలవేణే తీసింది. ఆయన్ను చూడగానే మొహం గట్టిపడింది.

"ఇప్పుడెందుకు వచ్చినావు?"

"ఆలస్యమైంది తల్లీ. మీ పిల్ల," అన్నాడు.

ఆమె కుక్కను చూసింది. అది తోక ఊపుతూ ముందుకొచ్చి ఆమె పాదం వాసన చూసింది. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "చెడ్డ రక్తమంటివి. ఏడాది ఎట్ల బతికింది?"

"అప్పుడు అట్ల అనుకుంటి. తప్పైంది. ఇంక దీనికేమీ కాదు."

"పేరేమి?"

"పెట్టలేదమ్మా."

"ఏడాదిగా పెంచి పేరు పెట్టలేదా?"

"మీది కదా, మీరు పెట్టాల్సిందని..." అన్నాడు ఈశ్వరప్ప, మాట పూర్తి కాలేదు.

కమలవేణి ఆయన ముఖంలోకి చూసింది. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో ఆమెకే తెలియాలి. అక్కడే గడప మీద కూలబడి, దాచుకున్న చేతులు రెండూ బయటికి తీసి కుక్క మెడ చుట్టూ వేసింది. అప్పుడు వచ్చింది ఏడుపు, ఇద్దరు బిడ్డలకూ రెండు పిల్లలకూ కలిపి.

"నాతో ఆ రోజే ఎందుకు చెప్పలేదన్నా?" అంది. ఈశ్వరప్పా అని కాదు, అన్నా అని.

"చెప్పడానికి ఏమీ లేదమ్మా," అన్నాడు ఆయన. కుక్క వెంట రాబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపి, వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచాడు.

ఇండూరు చేరేసరికి పొద్దు వాలింది. పదమూడు నెలల తరువాత సొంత గడప తొక్కాడు. పొన్నుత్తాయి కంచం పెట్టింది. మొదటి ముద్ద తీసి, అలవాటుగా దొడ్డివైపు చూసి, "ఏయ్," అని పిలిచాడు. అరుగు కింద పడుకున్న తెల్లి తల కూడా ఎత్తలేదు. దాని పేరు తెల్లి. ఏయ్ అంటే ఇంకొకరని దానికి కూడా తెలుసు. ఆ ముద్ద చేతిలో పట్టుకుని ఈశ్వరప్ప చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.