ఎఫిగేనియా సాగనంపే మాట

కొండమీది ఆ ఊళ్ళో బస్సెక్కే మనిషికి ఎవరో ఒకరు మంచి కోరి పంపాలి. చేతిలో సంచీ లేకుండానైనా వెళ్తారు గానీ, చెవిన ఆ మాట పడకుండా ఎవరూ కదలరు. ఇంట్లో చెప్పే దిక్కులేని వాళ్ళకు బస్టాండులో తమాలెలు అమ్మే దోన్యా ఎఫిగేనియా, అంటే ఎఫిగేనియమ్మగారు, ఉండేది. ఆకులో చుట్టిన మొక్కజొన్న ముద్ద అందిస్తూనే ఆ మనిషికే సరిపోయే మాట అనేది.

కోర్టుకు పోయే రైతుతో, "జడ్జీగారికి ఇవాళ పంటినొప్పి లేకుండా ఉండాలి నాయనా" అనేది. కాన్పుకు పోయే పిల్లతో, "బిడ్డకి నీ కళ్ళు రావాలి, మీ అత్త నోరు రాకూడదు" అనేది. జరుగుతుందని మాత్రం ఎన్నడూ అనలేదు. "జరిపించేది పైవాడు. అడగడం వరకే మన పని."

అలాంటి మనిషి, పక్కబండిలో తమాలెలే అమ్మే క్రెసెన్సియాతో ఏళ్ళుగా మాట్లాడలేదు. క్రెసెన్సియా కూతురు జసింతాకు జ్ఞానస్నానం నాడు ఒడిపట్టి జ్ఞానతల్లి అయింది ఎఫిగేనియానే. ఆనాటి నుంచీ ఇద్దరూ ఒకరికొకరు 'కోమాద్రే', అంటే తోడబుట్టినవాళ్ళ కిందే లెక్క. అయితే ఒకసారి క్రెసెన్సియా ప్రయాణమైతే ఎఫిగేనియా హడావిడిలో "వెళ్ళిరా" అని సరిపెట్టింది. అదే పూట ఎవరో అమ్మేసిన కంచరగాడిదను మాత్రం చెవులు నిమిరి, తీరిగ్గా సాగనంపింది.

"గాడిదపాటి చెయ్యనా నేను?" అంది క్రెసెన్సియా.

"గాడిద అలగదులే."

అక్కడితో మాటలు ఆగిపోయాయి.

ఇప్పుడు క్రెసెన్సియా కడుపు ఆపరేషనుకు పట్నం బయల్దేరింది. అల్లుడు సంచీ లోపల పెట్టాడు. బండి చూసుకోడానికి జసింతా ఆగింది. తలా ఒక మంచిమాట చెప్పారు. అయినా క్రెసెన్సియా బస్సు మెట్టు దగ్గరే నిలబడిపోయింది.

"ఎక్కుతారా దోన్యా, లేకపోతే బస్సునిక్కడే కాపురం పెట్టమంటారా?" అన్నాడు డ్రైవరు.

"మోకాలు పట్టేసింది, ఆగు," అంది ఆమె, పక్కబండి వైపు చూస్తూ.

ఎఫిగేనియా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నయమైపోతుందిలే అనడం తేలికే, కానీ తనకు తెలియనిది ఆమె చెప్పదు.

"ఆసుపత్రి పులుసు చప్పగా ఉండాలి కోమాద్రే," అంది చివరికి. "ఎంత చప్పగా అంటే, నా చేతి ముద్ద గుర్తొచ్చి నువ్వు లేచి పరుగెత్తుకు రావాలి."

క్రెసెన్సియా పెదవి బిగబట్టింది. "నేనొచ్చేదాకా నీ బండి మీద బేరానికి ఈగ కూడా వాలకూడదు."

"వాలకూడదు," అని ఒప్పుకుని, మోచెయ్యి పట్టి ఎక్కించింది.

ఆ రోజు నుంచి ఎవరొచ్చి తమాలెలు అడిగినా ఎఫిగేనియా జసింతా బండి చూపించేది. క్రెసెన్సియా చిక్కిపోయి, అల్లుడి భుజం మీద వాలుతూ బస్సు దిగి, "ఆకలేస్తోంది" అని తన ముందు కూర్చున్నాకే ఎఫిగేనియా మళ్ళీ బేరం మొదలుపెట్టింది.