గోదావరిఖనిలో నరేందర్ అరచేతుల పరీక్ష

నా స్నేహితుడు నరేందర్‌కు ఉద్యోగ పరీక్ష కేంద్రం గోదావరిఖనిలో పడిందని తెలియగానే నేనూ వస్తానన్నాను. అతనికి దారి తెలియక కాదు. అతని అరచేతులకు చెమట కారుతూనే ఉంటుంది. చలికాలమైనా, ఏసీ గదైనా ఆగదు. అదొక జబ్బని చర్మవైద్యురాలు చెప్పి మందు రాసిచ్చింది. కొంత తగ్గింది కానీ పోలేదు. కిందటిసారి గేటు దగ్గర వేలిముద్ర పడక అరగంట పోయింది, లోపలికి వెళ్లాక జవాబుపత్రం తడిసి చిరిగింది. వయసు లెక్క ప్రకారం ఈసారిదే ఆఖరి అవకాశం.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో రైలెక్కి రామగుండంలో దిగేసరికి ఏడున్నర దాటింది. నా సంచీలో నా బట్టల కన్నా అతని కోసం కొన్న చేతిరుమాళ్లే ఎక్కువ. "నువ్వు తోడొచ్చినవా, దుకాణం పెట్టనీకొచ్చినవా?" అని దారంతా ఆటపట్టించాడు. స్టేషన్ నుంచి గోదావరిఖని లాడ్జికి ఇద్దరికీ కలిపి రెండు వందలకు ఆటో కుదిరింది. పొద్దున పరీక్ష ఉందని చెబితే డ్రైవర్ ఖాజాభాయ్, "ఎనిమిదింటికల్లా నేనే వస్త. టైముకు దింపుడు నా జిమ్మేదారి, ఫికర్ చేయకున్రి" అన్నాడు. అన్నట్టే వచ్చాడు.

ఎనిమిదిన్నరకు గేటు తెరిచారు. నన్ను గేటు ముందు కట్టిన తాడు ఇవతలే ఆపేశారు. నరేందర్ వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టాడు, ఎర్ర లైటు. తుడుచుకుని మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎరుపే. వెనక వరసలో గొణుగుడు మొదలైంది. "గంత భయమెందుకు తమ్మీ?" అన్నాడు సెక్యూరిటీ అతను. నరేందర్ తల దించుకున్నాడు.

అప్పుడు మిషన్ దగ్గర కూర్చున్న పెద్దావిడ అతని చేయి పట్టుకుని తిప్పి చూసింది. "ఏ బాయి బిడ్డా నీది?" అని అడిగింది. ఇక్కడివాళ్లు బొగ్గుగనిని బాయి అంటారు. నరేందర్ నోరు తెరిచేలోపే ఆమే అంది: "మూడో షిఫ్టు దిగి, తానం చేసి సీదా ఇటే వచ్చినట్టున్నవ్. వేళ్లు ఎట్ల నానినయో చూడు." సెక్యూరిటీ వైపు తిరిగి, "భయం గాదు, రాత్రంత డ్యూటీ చేసిండు పిలగాడు. మా ఆయన వేళ్లు గూడ ఈ మిషన్ల పడయి" అని కసిరింది. మెడలోని నూలు తువ్వాలుతో అతని చేతులు ఒత్తి, టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టించింది. "బొటనేలు ఊకె మొరాయిస్తది. ఉంగరపు ఏలు పెట్టు." పచ్చ లైటు వెలిగింది. చేతి కింద పెట్టుకోవడానికి కాగితం ఇవ్వమని లోపలికి కబురు కూడా చేసింది.

ఎదురుగా ఉన్న హోటల్లో నాలుగు చాయలు తాగి కూర్చున్నాను. పన్నెండున్నర దాటాక నరేందర్ బయటికొచ్చాడు. "చిరగలే" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా గుండె మీద బరువు దిగిపోయింది. రోడ్డు మీదే గట్టిగా కౌగలించుకున్నాను.

"మరి నీది బాయి పని కాదని ఆమెకు చెప్పినవా?" అని అడిగాను.

"చెబుదామనుకున్న, నోరు రాలే. చిన్నప్పటి సంది ఈ చేతులు చూసి అందరు పిరికోడన్నరు. ఇయ్యాల తొలిసారి కష్టపడ్డోడన్నరు. జరసేపు ఉండనీ అనుకున్న."

ఫలితం ఎలా వచ్చినా, అతను పరీక్ష పూర్తిగా రాసి వచ్చాడు, నాకది చాలు. తిరుగు రైల్లో అతను హాయిగా నిద్రపోయాడు కానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. సెక్యూరిటీ అతను అన్న "భయమెందుకు" అనే మాటే నేనూ ఇన్నేళ్లుగా ప్రేమతో, వీపు తట్టి మరీ అంటూ వచ్చాను. మీరూ ఇలాంటి స్నేహితుడికి తోడుగా పరీక్షకు వెళ్తుంటే, ముందురోజే ఊరు చేరి, గేటు తెరిచే వేళకే అక్కడుండండి. వేలిముద్ర పడకపోతే ఇంకో వేలు చూడమని మీరే అడగండి. ధైర్యం అతనికి బోలెడుంది, చేతులు ఆరడానికి ఐదు నిమిషాలు ఇప్పించండి.