మీగడ రంగు గీత గీసిన కొమురన్న

కొమురన్న ఇక లేరు. గత మంగళవారం పొద్దున్నే మా వీధి చివరి చాయ్ హోటల్ సోమారు ఫోన్ చేసి, "మేడమ్, పేంటర్ దాదా నహీ రహే" అన్నాడు. ముప్పయ్యేళ్లకు పైగా ఈ జగదల్‌పూర్‌లో హిందీలో పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆ చిన్న వాక్యం నా బుద్ధికి అందడానికి చాలాసేపు పట్టింది. ముందురోజు సాయంత్రమే ఆయన మా గేటు దగ్గర ఆగి, "రేపు వాన కొడతది టీచరమ్మా, బండి మీద పట్టా కప్పుండ్రి" అని చెప్పి వెళ్లారు. వాన కురిసింది. ఆయన మాత్రం తన రంగుల షెడ్డు వెనక గదిలో, నులక మంచం మీద, నిద్రలోనే కన్నుమూశారు. నేను వెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది. ముఖం ప్రశాంతంగా ఉంది. చేతిగోళ్ల సందుల్లో రంగు ఇంకా వదల్లేదు.

ఆయన శబరి ఒడ్డున కొంటాలో పుట్టారు. అక్కడే లారీలకు రంగులేసే ఒక ఉస్తాద్ దగ్గర కుంచె పట్టారు. పెళ్లయ్యాక జగదల్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. రెండో ఏడే భార్య రాజవ్వ జ్వరంతో పోయింది. బిడ్డల్లేరు. మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఈ దారిన పోయే లారీల నుదుళ్ల మీద ఆయన వేసిన చిలుకలు, తామరలు, పులులు ఎన్ని దేశాలు తిరిగాయో! తర్వాత స్టిక్కర్లు వచ్చాయి, కుంచెతో పని తగ్గిపోయింది. డ్రైవర్లతో హిందీ, కూలీలతో హల్బీ, సుక్మా వైపు వాళ్లతో గోండీ మాట్లాడేవారు. తెలుగుకు మాత్రం ఆయనకు నేనొక్కదాన్నే మిగిలాను. ఒకసారి నేను ఊరెళ్లి వస్తే, "తొమ్మిది దినాలైంది టీచరమ్మా తెలుగు మాట్లాడక. నాలుకకు తుప్పు పట్టింది" అని నవ్వారు. ఆ నవ్వు వెనక ఎంత ఏకాంతం ఉందో అప్పుడు నాకు తెలియలేదు.

మమ్మల్ని కలిపింది మా నాన్నగారి పాత పికప్ బండి. కొంటాలో నాన్నగారిది చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారం. ఆ బండి వేసుకొని సంతలన్నీ తిరిగేవారు. ఆయన పోయాక అది ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉంది. పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చేయమన్నారు అందరూ. నేను ఉద్యోగ విరమణ చేశాక దాన్ని జగదల్‌పూర్ తెప్పించి, ఇంజిన్ బాగు చేయించి, రంగు కోసం మా ఇంటి ఆవరణలోనే కొమురన్నకు అప్పగించాను.

"నీలం వెయ్యండన్నా. నాన్న బండి నీలం" అన్నాను.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "పుట్టినప్పుడు ఇది నీలం కాదు."

"మీకెలా తెలుసు?"

ఆయన సామాను పెట్టుకునే అర మూత విప్పి, లోపలి రేకును గుడ్డతో తుడిచి చూపించారు. పచ్చిమామిడి కాయ కోస్తే లోపల కనిపించే లేతపచ్చ. నేను పుట్టి బుద్ధెరిగి ఆ బండిని అలా చూడలేదు.

ఆ వారంలోనే డ్రైవరు వైపు అద్దం పట్టీ విప్పుతుంటే, దాని కింద రెండు వేళ్ల పొడవున, మీగడ రంగులో సన్నని గీత ఒకటి బయటపడింది. ఫ్యాక్టరీలో ఎవరో చేత్తో గీసిన గీత. నేను సంబరంగా వంగి చూశాను. కొమురన్న స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి వెళ్లిపోయారు. మూడు రోజులు రాలేదు.

నాలుగో రోజు వచ్చి గడప దగ్గరే నిలబడ్డారు.

"ఆ గీత చెరిపింది నేనే టీచరమ్మా."

అప్పుడు చెప్పారు. ఈ పచ్చబండి సంతలోకి రాగానే, అటవీ శాఖ అధికారుల బండి అనుకొని జనం గంపలు వదిలేసి అడవిలోకి పోయేవారట. విసిగిపోయిన నాన్నగారు నీలం వేయించమని ఉస్తాద్‌కు ఇచ్చారు. గీకే పని ఇరవయ్యేళ్ల కొమురన్నకు పడింది. నేనప్పుడు భద్రాచలంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను; బండి కొన్నదీ, రంగు మార్చిందీ నేను ఇంట్లో లేనప్పుడే.

"ఆ గీత కాడికొచ్చినంక నా చెయ్యి ఆగింది. బానెట్ నుంచి తోక దాక ఒక్క ఊపిరిల లాగిండు ఆ మనిషి. గట్లాంటి చెయ్యి నేను చూడలే. ఉస్తాద్ తిట్టిండు. గీకేసిన. గా దినం నుంచి ఎన్ని లారీల మీద గీసిన్నో, గా గీత మాత్రం రాలే."

 "పోనీలెండి, నీలమే వేద్దాం" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "వద్దు. నేను చెరిపింది నేనే తిరిగి పెట్టాలె."

రంగు కలపడానికే ఒక వర్షాకాలం గడిచింది. ట్యూబులైటు వెలుగులో చూసేవారు కాదు. వాన వెలిసిన పొద్దుటి ఎండలోనే చూసేవారు. రేకు ముక్కలకు రంగు పూసి తీగకు వేలాడదీసి, బండి లోపలి పాత రంగు పక్కన ఒక్కొక్కటీ పెట్టి చూసి పక్కకు వేసేవారు. "సరిపోయింది కదన్నా" అంటే, "మీ కంటికి సరిపోయింది. దాని పక్కన పెడితే ఇది కొత్త చుట్టం లెక్కుంది" అనేవారు. సరైన రంగు కుదిరిన రోజు నాకు చెప్పలేదు. నేను బయటికి వచ్చి చూసేసరికి తీగ మీద ఒక్క రేకే ఉంది.

డాష్‌బోర్డు వెనక రేకు పూర్తిగా తుప్పు తినేసింది. దాన్ని మార్చక తప్పలేదు. దాని మీద రెండు వింతలుండేవి. ఒకటి, తనిఖీ చేసిన వాడెవరో నీలి క్రేయాన్‌తో వేసిన గుర్తు: రెండు అడ్డగీతలు, ఒక చుక్క. రెండోది, రంగు ఎక్కువై కిందికి కారి గడ్డకట్టిన బొట్టు. రేకు పనిచేసే డెంటర్ దాన్ని కోసేముందు కొమురన్న నూనె కాగితం పెట్టి రెండింటినీ ఉన్నదున్నట్టు దింపుకున్నారు. కొత్త రేకు మీద గుర్తు వేశారు, సరే. కారిన బొట్టును కూడా, అంతే పొడవున, అదే వంకరతో, పనిగట్టుకొని కార్చారు.

"అది తప్పు కదన్నా. ఎవరికీ కనిపించదు కూడా. ఎందుకు?" అన్నాను.

"తప్పే. ఆ దినం ఆయనకు ఇంట్ల ఏం కష్టముందో. దిద్దడానికి నేనెవర్ని?"

పేరూ ఊరూ తెలియని ఆ ఫ్యాక్టరీ కార్మికుడు కొమురన్నకు బంధువైపోయాడు. పని చేసుకుంటూ ఆయనతో మాట్లాడటం నేను కిటికీలోంచి ఎన్నోసార్లు విన్నాను. "ఏందన్నా, ఇక్కడ ఇంత పల్చగ కొట్టినవు? పొద్దుగూకిందా?" అని అడిగేవారు. నాకు నవ్వు రాలేదు. అరవయ్యేళ్ల కిందటి మనిషి తప్ప ఆయనకు ఆ పని గురించి మాట్లాడుకోవడానికి లోకంలో ఇంకెవరూ లేరు.

గీత చివరిదాకా మిగిలింది. అప్పటికే ఆయన కుడిచేతికి మునుపటి పట్టు లేదు. ఉడుత వెంట్రుకలతో తానే కట్టుకున్న పొడవాటి కుంచెతో రోజూ గాజుపలక మీద గీసి తుడిచేవారు. ఒక ఉదయం నన్ను బయటికి పిలిచి, "మీరూరికె నిలబడుండ్రి. మాట్లాడకుండ్రి" అన్నారు. బానెట్ కొస దగ్గర ఊపిరి బిగబట్టి మొదలుపెట్టారు. తలుపు పిడి దగ్గర కుంచె తడబడింది. కిరోసిన్ గుడ్డతో మొత్తం తుడిచేశారు. మళ్లీ మొదలు. మళ్లీ తుడిచారు. నాలుగోసారి ఆ గీత బండి తోక దాకా వెళ్లి ఆగింది. ఆయన కుంచె కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని, చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నారు. కళ్లు తుడుచుకోలేదు. "వచ్చింది" అన్నారు, అంతే.

ఈ చలికాలంలో రాయపూర్‌లో పాత బండ్ల ప్రదర్శన జరిగితే ఇద్దరం వెళ్లాం. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన టార్చి పట్టుకొని డాష్‌బోర్డు కిందికి దూరాడు. కారిన బొట్టును, క్రేయాన్ గుర్తును చూసి లేచి, పదిమందినీ పిలిచాడు. "చూడండి, ఇది ఫ్యాక్టరీ రంగే. ఇంతవరకు దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. మళ్లీ రంగు వేసినవాడెవడైనా ఇలా కారనిస్తాడా?" అని హిందీలో గట్టిగా ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. నేను నిజం చెప్పబోతుంటే కొమురన్న నా కొంగు పట్టి ఆపారు. బహుమతి బండికి వచ్చింది. జనంలో వెనక నిలబడి ఆయన కూడా చప్పట్లు కొట్టారు.

తిరుగుదారిలో ఎంతసేపో నవ్వుతూనే ఉన్నారు. కేశ్‌కాల్ ఘాట్ మలుపులు మొదలయ్యాక నవ్వు ఆగింది. కిటికీలోంచి లోయలోకి చూస్తూ, "ఎవ్వరూ ముట్టుకోలేదన్నడు. ఇగ నేను లేనట్టే కద టీచరమ్మా" అన్నారు.

"ఎక్కడైనా ఒక మూల మీ పేరు రాయండన్నా" అన్నాను.

"ఆ మనిషి రాసుకోలే. నేనెట్ల రాసుకుంట?"

  అది జరిగి రెండు నెలలు కూడా కాలేదు.

కొంటాలో ఆయన వాళ్లంటూ ఎవరూ దొరకలేదు. ఇంద్రావతి ఒడ్డున సోమారే నిప్పు పెట్టాడు. డెంటర్, ఇద్దరు లారీ డ్రైవర్లు, నేను. అంతే. ఒక జీవితకాలం ఈ రోడ్ల మీద తిరిగే ప్రతి బండినీ అలంకరించిన మనిషి వెంట నడిచినవాళ్లం మేమే. ఆయన్ని ఒడ్డుకు తీసుకువెళ్లింది నాన్నగారి బండిలోనే. ఏటి దారి ఇరుకు. ఏదో ముళ్ల కొమ్మ రాసుకొని ఎడమ తలుపు మీద, గీతకు కాస్త కింద, జానెడు గీరు పడింది.

మరునాడు రంగు కోసం వెతికాను. ఆయన గదిలో డబ్బా అడుగున ఎండిపోయిన చెక్కు మాత్రం ఉంది. ఏవేవి ఎంతెంత కలిపారో ఏ కాగితం మీదా లేదు. అదంతా ఆ కంటిలోనే ఉండేది. బజారులో కంప్యూటర్‌తో రంగు కలిపే దుకాణానికి బండి తీసుకువెళ్లాను. ఆ అబ్బాయి మర్యాదస్థుడే. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రకరకాల పచ్చలు పూసి చూపించాడు. చివరికి తనే, "మేడమ్, యే నహీ మిలేగా" అని, ఈ రంగు దొరకదని చేతులెత్తేశాడు.

బండి ఇంటికి తెచ్చి నీడన పెట్టాను. ఈ వాక్యాలు దాని పక్కనే కూర్చొని రాస్తున్నాను. కొమురన్న అనే మహా కళాకారుడు మా ఊళ్లో బతికాడని, చేతిలో అంత విద్య ఉండీ తనను తాను పూర్తిగా దాచుకొని మరొకరి పనికి ప్రాణం పోశాడని, చదివేవారు తెలుసుకోవాలి. అన్నా, మీకు నా నమస్కారం. గీరు పడిన చోట వేలు పెట్టి చూస్తే రేకు చల్లగా తగులుతోంది. ఈ సంగతి చెప్పుకుందామంటే, ఈ వీధిలో తెలుగు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.