గుమ్మానికి అడ్డం వేపమండ

మా మామగారు టేకులపల్లి అడవుల్లో ముప్పై ఏళ్లు గార్డుగా తిరిగిన మనిషి. ముసలితనంలో మెదడులో నీరు చేరి ఆయన పాదాలు నేలకు అతుక్కుపోయినట్టయ్యాయి. మతిమరుపు వచ్చింది, మూత్రం ఆగేది కాదు. హైదరాబాదులో తలలోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. నెల తిరిగేసరికి నడక వచ్చింది. మరుపు మాత్రం పోలేదు.

నడక వచ్చాక ఆయన ఒక్కచోట కూర్చున్నది లేదు. చెవి వెనక చర్మం కింది గొట్టాన్ని వేలితో తడుముకుంటూ ఇల్లంతా తిరిగేవారు. "కాళ్లు మల్ల ఆగిపోతయేమో బిడ్డా, జల్దీ తిరగాలె," అనేవారు. ఆయన్ని చూస్తుంటే నాకూ ఏ పని మీదా చెయ్యి నిలిచేది కాదు.

నేను తల్లాడ పొలాల మధ్య పెరిగినదాన్ని, అడవి గుర్తులు తెలియవు. గుమ్మాల్లో పడి ఉండే వేపమండల్ని చెత్త అనుకుని ఊడ్చేశాను. ఆ పూట ఆయన వంటింటి మూలన, తడిసిన పంచెతో వణుకుతూ కనిపించారు.

"నా మండలు ఎవలు తీసిన్రు? అడవిల ముందు పోయెటోడు తప్పుదారికి మండ అడ్డమేస్తడు, ఎనక వచ్చెటోల్లు అటు పోవద్దని. నాకు దారి యాదుంటలేదు. గందుకే ఇంట్ల గూడ ఏసుకుంటున్న."

మర్నాటి నుంచి మరుగుదొడ్డికి వెళ్లే పెరటి గుమ్మం ఒక్కటి విడిచి, అన్నిటికీ నేనే వేసేదాన్ని. అడవి వైపు తలుపుకైతే, అటు వెళ్తే తిరిగి రాలేరని రెండు వేసేదాన్ని.

నాలుగేళ్లకు కాళ్లు మళ్లీ ఆగిపోయాయి. మంచం దిగలేని మనిషికి ఇంకెందుకని మండలు మానేశాను. ఆయన ఊరుకోలేదు.

"అన్నిటికీ ఎయ్యి బిడ్డా. అడవి దిక్కు తలుపుకు మాత్రం ఎయ్యకు. ఇగ నేను పోయే దారి గదే."